మిషినవ్వ కొలతల పుస్తకం

మిషినవ్వ పోయింది. పొద్దున డ్యూటీకి వచ్చి ఇంకా హెల్మెట్ కూడా పెట్టుకోలేదు, జనగామ నుంచి ఆమె బిడ్డ ఫోను చేసింది. "అమ్మ పోయిందే, తెల్లారంగ. నీకు చెప్పాలె గద అని చేసిన" అంది. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు. నేను ఏదో అడగబోయేలోపే మళ్ళీ తనే అందుకుంది. "నిన్నంత టేపు తే, టేపు తే అన్నది. దవాఖాన మంచం మీద పండి టేపేందమ్మా అన్న. నీ కోసమే అయ్యుంటది. నువ్వొస్తె కొలతలు తీద్దామనుకున్నదేమో." ఆ చివరి మాటలో కాస్త కారం ఉంది. ఆ అక్క గొంతులో ఆ కారం నాకు కొత్త కాదు. అందులో అన్యాయమూ లేదు.

నేను చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటులో పనిచేస్తాను. ఆవిరి ఒత్తిడి ఎంతుందో, వేడి ఎంతుందో చూపించే మీటర్లు నిజం చెబుతున్నాయా, అబద్ధం చెబుతున్నాయా అని పరీక్షించడం నా పని. ఫోను పెట్టేసి అక్కడే స్టూలు మీద కూలబడి ఏడుస్తుంటే పక్క బల్ల దగ్గరి అతను వచ్చి, సంగతి విని, "ఆమె మీకేమైతది మేడం?" అని అడిగాడు. ఏమవుతుందని చెప్పను? మా కులం కాదు, మా తండా కాదు, మా ఇంటి భాష కూడా కాదు. "మా ఊర్ల బట్టలు కుట్టేటామె" అన్నాను. అంతేనా అన్నట్టు చూసి వెళ్ళిపోయాడు. ఆ చూపుకు అప్పుడు చెప్పలేని జవాబే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మాది నెల్లికుదురు పక్కన ఒక తండా. మిషినవ్వది నెల్లికుదురు. బస్సులు ఆగే చోటుకి నాలుగిళ్ళ అవతల, రేకుల వసారాలో నల్లటి కుట్టు మిషను, దాని వెనక ఆమె. మెడలో టేపు, కొప్పులో గుచ్చిన సూది, చేతివేళ్ళకు ఎప్పుడూ సుద్ద. పెళ్ళికి పిలిచినా టేపు తీయడం మరిచిపోయి మెడలో హారంలా వేసుకుని వచ్చేది. పిల్లలమంతా మిషినవ్వ అనేవాళ్ళం. అదే పేరైపోయింది.

వాళ్ళు మేరోళ్ళు, తరాలుగా కుట్టుపని చేసే కుటుంబం. కానీ కత్తెర మగవాళ్ళది. ఆడవాళ్ళు కాజాలు కుట్టాలి, గుండీలు వేయాలి, అంచులు మడవాలి. భర్త మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు ఆమె పాత పేపర్లు పరిచి కత్తిరించి కటింగ్ నేర్చుకుంది. భర్త పోయాక ఆ మిషను అమ్మేస్తుందని ఊరంతా అనుకుంది. నెల తిరక్కముందే బయట పీట వేసి కూర్చుంది. ఆడది కోసిన బట్ట ఏం బాగుంటుందని ఎవరూ బట్ట ఇవ్వలేదట. ముందుగా ఇచ్చింది మా తండా ఆడవాళ్ళే. మాకు పోయేదేముంది, ఎలా కుట్టినా వేసుకునేవాళ్ళమే!

నేను ఆమెకు తెలిసింది ఆరో తరగతిలో. మా యాడి, అంటే మా తండా మాటలో అమ్మ, పటేలు గారి మిరప తోటలో కైకిలి కూలికి పోయేది. మా బాపు హైదరాబాదులో మేస్త్రీ కింద పనిలో ఉండేవాడు. పటేలమ్మ తన బిడ్డ విడిచిన గౌను ఒకటి యాడి చేతిలో పెట్టింది. ఆ పిల్లదీ నాదీ ఒకే వయసు. కానీ ఆ పిల్ల పాలు తాగి పెరిగింది, నేను ఎండలో పెరిగాను. గౌను నాకు చీలమండల దాకా వచ్చింది, భుజాలు మోచేతుల మీదికి జారాయి. యాడి వసారా మెట్టు ఎక్కకుండా కిందనే నిలబడి గౌను చాపింది.

"అవ్వా, దీన్ని జర చిన్నగ చెయ్యి. అందాజగ చేస్తె సాలు."

"అందాజ ఏందే? పిల్లేది?" అని మిషినవ్వ నా రెక్క పట్టి పైకి లాగి పీట మీద నిలబెట్టింది.

అందాజ అంటే కొలవకుండా కంటితో చూసి వేసే లెక్క. అప్పటిదాకా నన్ను ఎవరూ కొలవలేదు. వీపుకి టేపు తగలగానే నేను కడుపు లోపలికి లాక్కుని, భుజాలు ముడుచుకుని, ఊపిరి బిగపట్టాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. తక్కువ చోటులో ఇమిడిపోవడం మాకు ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య. బస్సులో, బడిలో, పటేలు గారి వాకిట్లో, ఎక్కడైనా సరే.

"ఊపిరి బిగపట్టకు బిడ్డా. ఉన్నదున్నట్టు నిలవడు" అంది మిషినవ్వ. "నువ్వు గిట్ల కుంచుకపోతె గౌను గూడ కుంచుకపోతది. రేపు అన్నం తింటె గుండీలు ఊడి ఎదుటోని కండ్లల్ల వడ్తయ్."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి వదలక తప్పదు కదా, ఆ క్షణంలోనే కొలత తీసేసింది. తర్వాత పొడుగాటి అట్ట పుస్తకం తెరిచి కొత్త పేజీలో పైన 'తండా పిల్ల' అని రాసింది. నాకు చదవడం వచ్చు, పైగా చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఏ తండా పిల్ల? మా తండాల మస్తుమంది పిల్లలున్నరు. నాకు పేరున్నది" అన్నాను. యాడి నా వీపు మీద గిల్లింది. మిషినవ్వ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది. రాసింది కొట్టేసి, పేరు అడిగి, ఇంటిపేరుతో సహా రాసింది. "తప్పైంది తల్లీ. నేను గూడ అందాజే పెట్టిన" అంది. పెద్దవాళ్ళు నాతో తప్పయింది అనడం అదే మొదటిసారి. ఆ రోజంతా తండాలో కనబడ్డ ప్రతి ఒక్కరికీ చెప్పుకుని తిరిగాను.

ఆమెకూ తల్లులకూ రోజూ ఒక తగువు ఉండేది. "జర వదులుగ కుట్టవ్వా, పెరిగే పిల్ల" అనేవాళ్ళు తల్లులు. మా ఇళ్ళల్లో బట్ట అంటే మూడేళ్ళు రావాలి. మొదటేడు అది మన మీద వేలాడుతుంది, మూడో ఏడు పట్టేస్తుంది. సరిగ్గా సరిపోయే మధ్య ఏడు వచ్చేసరికి రంగు వెలిసి, మోచేతుల దగ్గర చిరిగి ఉంటుంది. కొత్తదీ, సరిపోయేదీ ఒకే బట్ట అవడం మా ఎరుకలో లేదు. మిషినవ్వ ఒప్పుకునేది కాదు. "పెరిగేదానికి బట్ట లోపల మలిచి దాస్త. పెరిగినప్పుడు తేండ్రి, కుట్టు ఇప్పుత. ఇయ్యాల మాత్రం ఇయ్యాల పిల్లకు సరిపోవాలె" అని కసురుకునేది.

పటేలమ్మ మాత్రం ఎన్నడూ ఆ పీట ఎక్కలేదు. జీతగాడి చేత కొలతకని ఆది జాకెట్టు పంపేది. అది పదేళ్ళ కిందటిది, ఆమె ఒళ్ళు మాత్రం పదేళ్ళు ముందుకు పోయింది. ఎన్ని కొత్త జాకెట్లు కుట్టించినా చంకల దగ్గర బిగుతే. ఆ మాట ఆమెతో అనే ధైర్యం ఎవరికుంది? "పెద్దోళ్ళకు గూడ కొలత దొరకదే బిడ్డా, పాపం" అని మిషినవ్వ పళ్ళ మధ్య దారం తెంపుతూ కిసుక్కున నవ్వేది.

బడి అయిపోయాక నేను ఆ వసారా మెట్టు మీదే కూర్చునేదాన్ని. తండాకు వెళ్ళే ఆటో నిండేదాకా కాలక్షేపం. ఆమె బట్టను నాలుగు మడతలు వేసి, "ఇరవై తొమ్మిదిల నాలుగో వంతెంతే?" అని అడిగేది. "ఏడుంపావు" అనేదాన్ని. "ముప్పై ఒకటిల?" "ఏడు ముప్పావు." ఆమె వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టేలోపే చెప్పేసేదాన్ని. ఆమె సుద్దతో గీత గీసుకునేది. ఆమె నన్ను కొలుస్తోందని నాకు అప్పుడు తెలియదు.

పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాను. పాలిటెక్నిక్ పరీక్షలో ర్యాంకు వచ్చింది, వరంగల్‌కు రమ్మని కాగితం వచ్చింది. యాడి ఆ కాగితం తీసుకుని పటేలమ్మ దగ్గరికి పోయింది. పటేలమ్మ చెడ్డది కాదు. చెడ్డదైతే ఎదురు చెప్పడం తేలికయ్యేది. "తెలివిగల్ల పిల్ల. అంత దూరం ఎందుకే? మిషిను నేర్పియ్యి. ఇంటిపట్టున ఉంటది, మీ తండాకు ఒక మిషిను వచ్చినట్టుంటది" అందట, ఎంతో ప్రేమగా. బడిలో సారు కూడా అది మంచి సలహాయే అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల హాయిగానే అనిపించింది. వరంగల్ అంటే భయం. మిషినవ్వ వసారా అంటే ఇల్లులాంటిది.

నేనూ యాడీ వెళ్ళి అడిగాం. మిషినవ్వ తల ఎత్తలేదు. "నేను నేర్పియ్య" అంది.

"ఎందుకవ్వా? పిల్లకు సగం పని వచ్చుగద" అంది యాడి.

"నేర్పియ్య అంటె నేర్పియ్య. పోండ్రి." మిషను గడగడా తొక్కడం మొదలుపెట్టింది. ఇక ఆ చప్పుడులో మా మాట వినబడదు.

దారిలో యాడి మెల్లిగా అంది, "మిషిను మీద మనల్ని కూసోనిస్తరా ఏంది, మన పిచ్చి గాని." ఆ మాటతో నా ఒళ్ళు మండిపోయింది. కొలతలు తీయడానికి పనికొచ్చాను, మిషను ముట్టడానికి పనికిరానా? ఆ ముసలిదాని మిషను తుప్పుపట్టి పోవాలని, సూదులన్నీ విరిగిపోవాలని దారి పొడుగునా శాపాలు పెట్టాను. అన్నం తినకుండా ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం, తలమీద కొంగు కప్పుకుని, చంకలో చిన్న మూటతో మిషినవ్వ మా తండాకు నడిచి వచ్చింది. మెడలో టేపు ఉండనే ఉంది. జనమంతా బయటికొచ్చి చూశారు. మా మంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి, మా చెంబెత్తి గటగటా తాగింది. దండెం మీద యాడి అద్దాల రవిక కనబడితే లేచి వెళ్ళి తిరగేసి చూసింది. "గీ పని నాకు రాదు. ఎవ్వలు నేర్పిండ్రే నీకు?" అని అడిగింది. యాడి సిగ్గుపడి చెంబులో మళ్ళీ నీళ్ళు పోసింది. నేను గుడిసె మూలన మూతి ముడుచుకుని నిలబడ్డాను.

"నీ బిడ్డకు మిషిను నేర్పుడు నాకెంత పని? నాలుగు దినాలల్ల నేర్సుకుంటది. మంచిగ కుడతది గూడ. గదే నా బయ్యం" అంది మిషినవ్వ. తర్వాత ఆమె చెప్పింది తన బిడ్డ సంగతి.

"నా బిడ్డ గూడ లెక్కలల్ల గిట్లనే ఉండె. ఏడో తరగతి అయినంక బడి మాన్పిచ్చి కాజాలకు కూసోబెట్టిన. మేరోళ్ళ పిల్లకు సదువెందుకని ఎవ్వలన్నరు? ఎవ్వలనలే. నాకు నేనే అనుకున్న. ఊరందరికి టేపు పెట్టి కొల్చిన, కడుపుల పుట్టినదాన్ని అందాజగ కోసిన. బట్ట తప్పు కోస్తె ఇంకో బట్ట తెస్తం. పిల్లను ఏడికెల్లి తెస్తం?"

యాడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిషినవ్వ ఆగలేదు. "గీ పిల్ల ఎంతున్నదో ఒక్కలన్న కొల్చి సూసిండ్రా? పటేలమ్మ అందాజ పెట్టింది, సారు పెట్టిండు, తల్లివి నువ్వు పెట్టినవ్." గభాలున నా వైపు తిరిగి వేలు చూపించింది. "నువ్వేం తక్కువ తిన్నవా? నీకు నువ్వు గూడ పెట్టుకున్నవ్ గదనే!"

అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నన్ను ఎవరూ అంత గట్టిగా తిట్టలేదు. తిట్టు తగలాల్సిన చోటే తగిలింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ మూటలో నీలిరంగు పంజాబీ డ్రెస్సు ఉంది. నా పేజీలో ఆ ఏడు రాసిన కొలతలతో కుట్టింది. కుడి పక్కన జేబు. ఆడపిల్ల డ్రెస్సుకు జేబు అప్పటిదాకా మా దగ్గర ఎవరూ చూడలేదు. "వరంగల్ల కాయితాల మీద సంతకం పెట్టాలంటె పెన్ను ఎవల్ని అడుగుతవ్? నీ పెన్ను నీ జేబులుండాలె" అంది. వేసుకున్నాను. ఎక్కడా వేలాడలేదు, ఎక్కడా పట్టలేదు. నా భుజాలు ఎక్కడ ఉన్నాయో నాకు ఆ రోజే తెలిసింది. మర్నాడు యాడి కైకిలి మానుకుని నాతో వరంగల్ బస్సెక్కింది.

సీటు వచ్చింది. వచ్చి చెబితే, "ఏం సదువే గది?" అంది మిషినవ్వ. "కొలిచే సదువవ్వా. వేడి, బరువు, నీళ్ళు, ఆవిరి, అన్నీ కొలుస్తరు" అన్నాను. "ఓసి, గట్లయితె నా పనేనా!" అని పొంగిపోయింది. ఉద్యోగం వచ్చాక ప్లాంటు చూపిస్తానంటే లోపలికి రాలేదు. గేటు దాకా వచ్చి పొగ గొట్టం వంక మెడ విరుచుకుని చూసి, "దీనికి అంగి కుట్టాలంటె ఎన్ని గజాలు కావాలె?" అని అడిగి వెళ్ళిపోయింది.

చూపు తగ్గాక ఆమె జనగామకు, బిడ్డ ఇంటికి చేరింది. మిషను, పీట, పుస్తకం కూడా వెంట తీసుకుపోయింది. ఆ అక్క బట్టల దుకాణాల నుంచి చీరలు తెచ్చుకుని ఇంట్లోనే ఫాల్స్ కుట్టేది, జాకెట్లకు హుక్స్ వేసేది. నేను చూడబోయినప్పుడల్లా మిషినవ్వ సంబరంగా నన్ను పీట ఎక్కించేది. తడుముకుంటూ కొలతలు తీసి, కళ్ళు కనబడవు కాబట్టి అంకెలు బిడ్డతో చదివించి, బిడ్డతోనే రాయించేది. ఎన్నిసార్లు జరిగిందో! ఆ అక్క నేల మీద కూర్చుని తన తల్లి పుస్తకంలో నా అంకెలు రాసేది. నేనెంత మొద్దునో చూడండి, అది ఆమెకు ఎలా ఉంటుందో నాకు తట్టనే లేదు.

ఒకసారి వంటింట్లో చాయ్ గ్లాసు నా చేతికిస్తూ అంది. "నాకు గూడ లెక్కలొచ్చేటియి. ఎర్కనా నీకు?"

ఎరుకే. ఎరుకనకుండా, బస్సుకు వేళైందని లేచాను. ఆ తర్వాత నేను జనగామ వెళ్ళడం తగ్గించాను. అక్క చదువు ఆగిపోయిన చోట నిలబడే కదా మిషినవ్వ నాకు దారి చూపింది. అక్కకు దక్కాల్సిందేదో నా జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టు ఉండేది. అవ్వ దవాఖానలో ఉందని తెలిసీ రేపు, ఎల్లుండి అని వాయిదా వేశాను. అందుకు నన్ను నేను క్షమించుకోలేను.

దినాల రోజు భూపాలపల్లిలో బస్సెక్కి, హనుమకొండలో మారి జనగామ చేరాను. ఆనవాయితీ ప్రకారం అక్కకు పెట్టడానికి చీర, జాకెట్టు బట్ట సంచిలో ఉన్నాయి. ఆమె ముందు ఏ ముఖంతో నిలబడాలన్నదే దారంతా ఆలోచన. ఇంటి నిండా బంధువులు. అక్క నన్ను చూసి లోపలి గదిలోకి తీసుకుపోయింది. మిషను మీద అట్ట పుస్తకం, దాని మీద చుట్ట చుట్టిన టేపు.

"తీస్కపో. నీకే" అంది.

"నువ్వు తెరిచి సూసినవా అక్కా?"

"నేనెందుకు తెరుస్త? అండ్ల ఊరంత ఉన్నది. నేనున్ననా? నా జాకెట్లు అమ్మ కంటితోటి సూసి కుట్టేది. కొలుసమ్మా అంటె, కడుపుల మోసినదాన్ని, నీ కొలత నాకెర్కలేదా అనేది." జాకెట్టు భుజం పైకి లాక్కుంది. "అన్నీ భుజాల కాడ బిగుతే."

నా పేజీ దొరికింది. కొట్టేసిన 'తండా పిల్ల', దాని కింద నా పేరు, ఆరో తరగతి నుంచి మొన్నటి దాకా నా అంకెలు. చివర్లోవి అక్క రాసినవే. పేజీలు తిప్పుతూ పోయాను. ఆఖరి పేజీలో, ఒకదాని మీద ఒకటి ఎక్కిన పెద్ద పెద్ద అక్షరాలు. చూపు లేని చేయి రాసినవి. పైన 'నా బిడ్డ'. కింద వరుసగా ఛాతీ, నడుము, భుజం, చేయి. ఎదురుగా అంకెలు లేవు.

పుస్తకం అక్క ముందు పెట్టాను. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. "టేపు..." అంది.

"నాకు కాదక్కా. నీకే అడిగింది" అన్నాను.

టేపు నేనే అందుకున్నాను. "నిలవడక్కా" అన్నాను. "ఇప్పుడేందే, యాభై ఏండ్లొచ్చినయ్ నాకు, బయట మంది ఉన్నరు" అంటూనే నిలబడింది. టేపు వెనక నుంచి తిప్పి ముందుకు తెచ్చాను. అది వీపుకు తగలగానే ఆమె భుజాలు ముడుచుకుంది, కడుపు లోపలికి లాక్కుంది. అచ్చం నేను ఆ పీట మీద నిలబడ్డట్టే.

"ఊపిరి బిగపట్టకక్కా" అన్నాను. "ఉన్నదున్నట్టు నిలవడు."

ఆమె ఊపిరి వదిలింది. దానితోపాటే ఏడుపూ వచ్చింది. నా వేళ్ళ మధ్య టేపు ఒకటిన్నర అంగుళం ముందుకు జరిగింది. ఆమె కుదుటపడేదాకా అలాగే పట్టుకుని నిలబడి, జరిగిన ఆ అంకెనే పుస్తకంలో రాశాను.